మా నాయన చెప్పిన లతీఫ్ సాబ్

భారత వైమానిక దళంలో ఎయిర్‌మన్‌గా చేరి సార్జెంటుగా బయటికి వచ్చిన మా నాయనకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పై అధికారులందరూ ‘సాబ్’లే. ఇంట్లో మాత్రం పేరు ఎత్తకుండా ‘చీఫ్ సాబ్’ అన్నారంటే అది ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ గురించేనని అమ్మకూ మాకూ తెలిసిపోయేది. లతీఫ్ గారు దళాధిపతిగా ఉన్నది 1978 సెప్టెంబరు నుంచి 1981 ఆగస్టు దాకా మూడేళ్లు. ఆ తరవాత ఎందరో చీఫ్‌లు వచ్చారు, వెళ్లారు. మా నాయన లెక్కలో మాత్రం చీఫ్ అంటే ఆయనే.

అలాగని నాయన ఆయనను దగ్గరగా ఎరిగినవారు కారు. విమానాల ఫిట్టరుకూ దళాధిపతికీ నడుమ ఎంత దూరం ఉంటుందో సర్వీసులో పనిచేసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఒక మామూలు ఎయిర్‌మన్ క్వార్టర్స్‌లో రాత్రి భోజనాల దగ్గర వినిపించిన కథలు, పెద్దయ్యాక వాటిని పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ వెతికి సరిచూసుకోగా మిగిలిన సంగతులు, ఇవే నా దగ్గర ఉన్న జ్ఞాపకాలు.

లతీఫ్ గారు 1923 జూన్ 9న హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. 1941లో, పద్దెనిమిదేళ్ల వయసులో అప్పటి ఇండియన్ ఎయిర్‌ఫోర్సులో చేరి, అంబాలాలో శిక్షణ ముగించుకుని 1942 జనవరిలో కమిషన్ పొందారు. హైదరాబాదు కుర్రవాడు విమానాల వైపు వెళ్లడం వింతగా తోచవచ్చు గానీ, ఆ ఊరికీ ఆకాశానికీ అప్పటికే కొంత చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాయుసేనలోని 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొనిపెట్టింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందుకే దానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అని పేరు వచ్చింది. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాదు ఉంది, దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాయన, ఆ విమానాల డబ్బంతా ఊళ్లలో రైతులు కట్టిన శిస్తేనని గుర్తు చేయకుండా ఊరుకునేవారు కారు. మాది నల్లగొండ జిల్లా.

లతీఫ్ గారి తొలి పోస్టింగు కరాచీలోని తీరరక్షణ ఫ్లయిట్, అంటే ఒక చిన్న విమాన దళం. వాపిటి, ఆడాక్స్, హార్ట్ అనే పాతకాలపు రెండు రెక్కల విమానాల్లో అరేబియా సముద్రం మీద జలాంతర్గాముల కోసం గస్తీ తిరగడం పని. ఆ తరవాత ఇంగ్లండుకు పంపిన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఒకరై, అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాల మీద తర్ఫీదు పొందారు. 1944లో తిరిగి వచ్చి 7వ స్క్వాడ్రన్‌తో బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. స్క్వాడ్రన్ లీడర్ హేమ్ చౌధురి నాయకత్వంలో ఆ దళం నడిపినవి వల్టీ వెంజెన్స్ అనే అమెరికన్ డైవ్ బాంబర్లు.

వెంజెన్స్ గురించి చెప్పడం నాయనకు మహా ఇష్టం. ఆయన సర్వీసులో చేరేనాటికి ఆ విమానం ఎక్కడా లేదు, పాత హవల్దార్ల తరం నోట విన్నదే. అయినా అన్నం తింటూ తింటూ ఎడమ అరచెయ్యిని కంచం పైన చాలా ఎత్తున నిలిపి, మంచినీళ్ల గ్లాసును శత్రువుల వంతెన అనుకోమని మాకు చెప్పి, వేళ్లను నిట్టనిలువుగా కిందికి దించేవారు. “ఏటవాలుగా కాదు, బాయిలో రాయి పడ్డట్టు దిగాలె,” అనేవారు. గ్లాసుకు జానెడు దూరంలో చెయ్యి ఒక్కసారి పైకి లేచేది. అలా లేచే క్షణంలో పైలట్ తలలోని నెత్తురు కాళ్లలోకి దిగిపోతుందనీ, కళ్లు చీకట్లు కమ్ముతాయనీ, ఆ చీకటిలోనే విమానాన్ని నడిపే కర్రను వెనక్కి లాగిపట్టి ఉండాలనీ వివరించేవారు. వెనక సీట్లో మరొక మనిషి ఉంటాడు, వాడి ప్రాణం కూడా ఆ చేతిలోనే ఉంటుంది. నీళ్లు ఒలికించినందుకు అమ్మ కోప్పడేది.

యుద్ధం ముగిశాక 1946లో లండన్‌లో జరిగిన విజయోత్సవ కవాతుకు వెళ్లిన భారత బృందంలో లతీఫ్ గారు ఉన్నారు. మరుసటి ఏడాదికే దేశం రెండుగా చీలింది, సైన్యం కూడా చీలింది. ముస్లిం అధికారులు ఏ దేశపు బలగాల్లో కొనసాగుతారో చెప్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆయన సహచరులైన అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్‌ను ఎంచుకున్నారు. వాళ్లిద్దరూ ఆయనకు ఫోన్ చేసి, తమతో రమ్మని నచ్చజెప్పబోయారు. మతమూ దేశమూ తనకు ఒకదానితో ఒకటి ముడిపడినవి కావని చెప్పి లతీఫ్ గారు ఉన్నచోటే ఉండిపోయారు. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగేళ్లు.

ఈ ఉదంతం ఆయన గురించి రాసిన ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. నాకు కొరతగా కనిపించేదల్లా ఒక్కటే: దీన్ని రెండు దారుల కూడలిగా మాత్రమే చెబుతారు. ఆయన హైదరాబాదీ అన్న సంగతి అక్కడ మరచిపోతారు. 1947 ఆగస్టులో లక్నో అధికారికో అలీగఢ్ అధికారికో ఉన్నవి రెండు దారులైతే, హైదరాబాదు అధికారికి మూడో దారి కూడా కళ్లెదుట ఉంది. తాను ఇటూ చేరనని, అటూ చేరనని నిజాం అప్పటికే ఫర్మానా జారీ చేసి ఉన్నారు. హైదరాబాదుకు సొంత సైన్యం ఉంది, సొంత నాణెం ఉంది, సొంత రైలు ఉంది; విదేశాల్లో శిక్షణ పొంది యుద్ధం చూసి వచ్చిన పైలటును అలాంటి రాజ్యం కాదనుకుంటుందని నేను అనుకోను. అంటే ఆయన ఒక దేశాన్ని ఎంచుకున్నది, సొంత ఊరు ఇంకా ఎటూ తేల్చుకోకముందే. ఆ తరవాత పదమూడు నెలలకు, 1948 సెప్టెంబరు 13న, ఆయన ఏ దళపు దుస్తులు వేసుకున్నారో ఆ దళపు విమానాలే హైదరాబాదు సంస్థానం మీదికి ఎగిరాయి. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. ఆ అయిదు రోజులూ పుట్టిన ఊరి గురించిన వార్తలు ఆయన చెవిని ఎలా పడ్డాయో, ఎన్నిసార్లు తలపోసినా నా ఊహకు అందదు.

మా ఇంట్లో ఆ అయిదు రోజుల కథ వేరుగా ఉండేది. అప్పటికి నాయన చంటిపిల్లవాడు. రజాకార్లు వస్తున్నారన్న కబురు అందితే చాలు, ఊరు ఊరంతా ఖాళీ అయ్యేదట. “జొన్నచేన్ల నడుమ దాసుకున్నం బిడ్డా, నీ అయ్య ఏడ్వకుండ నోట్ల కొంగు కుక్కిన,” అని నాయనమ్మ చెప్పేది. ఆకాశంలో విమానం మోత వినిపించినప్పుడు ఎవరిదో తెలియక మొదట భయపడ్డామనీ, తరవాత యూనియన్ సైన్యం వచ్చిందని తెలిసి ఊపిరి పీల్చుకున్నామనీ చెప్పేది. ఆ కథలు వింటూ పెరిగిన మనిషి నాయన. వాటి మధ్య నుంచే ఆయన లతీఫ్ గారిని చూశారు. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడనీ, అదే హైదరాబాదులో పుట్టిన లతీఫ్ సాబ్ అంతకు పదేళ్ల ముందే, స్నేహితులు ఫోన్ చేసి పిలిచినా కదలలేదనీ నాయన పక్కపక్కన పెట్టి చెప్పేవారు. ఊళ్లో ఎవరైనా నోటికొచ్చినట్టు అందరినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే నాయన వాదించేవారు కారు. ‘మా చీఫ్ ఎవరో తెలుసా’ అని మొదలుపెట్టేవారు, అంతే.

అస్ఘర్ ఖాన్ 1957లో పాకిస్తాన్ వైమానిక దళాధిపతి అయ్యారు. ఆయన తరవాత ఆ బాధ్యతలు తీసుకున్నది నూర్ ఖాన్. 1965 యుద్ధంలో మన మీద ఆ దళాన్ని నడిపించింది ఆయనే. ఒకప్పుడు కలిసి పనిచేసి, ఒక యుద్ధపు శత్రువునే ఎదుర్కొన్న ముగ్గురు కుర్రవాళ్లు సరిహద్దుకు ఇటూ అటూ అధిపతులయ్యారు. ఇటువంటిది కథలో రాస్తే అతికినట్టు లేదంటారు.

స్వాతంత్ర్యం తరవాతి పాతికేళ్లను తొందరగా దాటవేస్తాను. 1950లో దేశం గణతంత్రమైనప్పుడు ఢిల్లీ ఆకాశంలో జరిగిన తొలి ఫ్లైపాస్టుకు నాయకత్వం వహించినది లతీఫ్ గారు. 1961 నుంచి 1965 దాకా వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయంలో ఎయిర్ అటాషేగా, అంటే వైమానిక దళ ప్రతినిధిగా ఉన్నారు. చైనా యుద్ధం జరిగింది ఆ నడుమనే. 1971 యుద్ధకాలంలో ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల విభాగానికి అసిస్టెంట్ చీఫ్. ఏ స్క్వాడ్రన్‌కు ఏం కావాలి, ఏ స్థావరంలో ఏం తరిగింది అని చూసుకునే పని అది, పత్రికల్లో ఫొటోలు పడే పని కాదు.

ఆయనకు దక్కిన పురస్కారం పరమ విశిష్ట సేవా పతకం. సైనిక పతకాల గురించి తెలియనివాళ్లు సాహసానికిచ్చే వీరచక్ర వంటి చక్రాలు తప్ప మిగిలినవన్నీ ఉద్యోగంలో ఇన్నేళ్లు గడిపినందుకు ఇచ్చే బిళ్లలనుకుంటారు. మా నాయన మాకు రిబ్బన్లు చదవడం నేర్పారు: బంగారు రంగు పట్టీ నడుమ ముదురు నీలం గీత ఒక్కటే ఉంటే పరమ విశిష్ట, రెండుంటే అతి విశిష్ట, మూడుంటే విశిష్ట. గీతలు తగ్గేకొద్దీ హోదా పెరుగుతుంది. పత్రికలో ఎవరైనా సేనాని ఫొటో పడితే భూతద్దం పెట్టి ఛాతీ మీది వరసలను పైనుంచి కిందికి చదివి, ఆ మనిషి ఎక్కడెక్కడ తిరిగి వచ్చాడో చెప్పేవారు. ముఖం చివర చూసేవారు. ఎదురుగా నిలిచిన ఒక క్షణపు సాహసానికి ఇచ్చే పతకం ఒకటి, ముప్పై ఏళ్లు ఒకే తీరుగా నిలబడినందుకు ఇచ్చేది మరొకటి. రెండో రకాన్ని మనం తక్కువ చేసి చూస్తామన్నది నా ఫిర్యాదు.

1978లో, ఎయిర్ చీఫ్ మార్షల్ మూల్గావ్‌కర్ పదవీ విరమణ చేశాక, లతీఫ్ గారు చీఫ్ అయ్యారు. భారత వైమానిక దళానికి అధిపతి అయిన తొలి ముస్లిం ఆయన. ఈ మాట నిజమే గానీ, ప్రతి వ్యాసమూ దానితోనే మొదలై దానితోనే ముగియడం నాకు నచ్చదు. ఆయన చేసిన పని వెనక్కి పోతుంది. శత్రుభూమిలోకి లోతుగా, తక్కువ ఎత్తులో చొచ్చుకుపోయి దాడి చేయగల విమానం కావాలన్న ప్రతిపాదన అప్పటికే ఏళ్ల తరబడి ఫైళ్లలో నలుగుతోంది. ఫ్రెంచి మిరాజ్ ఎఫ్-1, స్వీడన్ విగ్గెన్, బ్రిటన్-ఫ్రాన్సులు కలిసి తయారుచేసిన జాగ్వార్, ఈ మూడింటి మధ్య పోటీ. ఆయన వచ్చిన కొద్ది వారాలకే, 1978 అక్టోబరులో జాగ్వార్‌ను ఎంచుకున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. కొన్ని నేరుగా కొనడం, మిగిలినవి బెంగళూరులో ప్రభుత్వ విమాన సంస్థ హెచ్‌ఏఎల్ తయారు చేయడం అని ఒప్పందం. సోవియట్ యూనియన్ నుంచి మిగ్-23లు, ఆ తరవాత మిగ్-25లు తెచ్చుకునే చర్చలు సాగిందీ ఆయన హయాంలోనే. జాగ్వార్‌ను బ్రిటన్, ఫ్రాన్సు, ఒమన్ అన్నీ పక్కన పెట్టేసిన తరవాత కూడా మన దగ్గర ఎగురుతూనే ఉంది.

మొదటి జాగ్వార్‌లు 1979 జూలై 27న అంబాలాలో దిగాయి. అప్పుడు నాయన పోస్టింగు అక్కడే, నేను చిన్నవాణ్ణి. క్వార్టర్స్ బయట నులక మంచాలు వేసుకుని పడుకునే కాలం అది, గాలి ఆడదు, ఇంట్లో కూలరు నీళ్లు తాగుతుందే తప్ప చల్లబరచదు. ఆ రోజులకు కొన్ని వారాల ముందు నుంచీ నాయన ఇంటికి రావడం ఆలస్యమయ్యేది. హ్యాంగర్లు కడిగారు, నేల మీది గీతలకు కొత్తగా సున్నం వేశారు, పనికిరాని ఇనుమంతా ఎక్కడికో తరలించారు. విమానం వచ్చాక మాకు కథగా చెప్పింది దాని వేగం కాదు, ఎత్తు. దాని చక్రాల కాళ్లు పొడవు. నేల మీద నిలబడి, నిచ్చెన వేయకుండానే చాలా పలకలు విప్పవచ్చు. హంటర్ విమానాల కింద నడుము వంచి, మెడ తిప్పి, వేళ్ల చివర్లతో తడుముతూ పనిచేసిన ఫిట్టరుకు అది ఎంత గొప్పో మేము పిల్లలం ఎలా గ్రహించగలం? “దీన్ని గీసినోడు ఒక్కనాడన్న పానా పట్టిండు,” అని నాయన పదే పదే అనడం మాత్రం చెవిలో ఉంది. ముప్పై ఏడేళ్ల కిందట లతీఫ్ గారు శిక్షణ ముగించుకున్న ఊరు కూడా అంబాలాయేనని చాలా కాలం తరవాత చదివాను. అప్పుడు నాయనకు చెబితే, తెలియనట్టు నటించి నాచేత మొత్తం చెప్పించుకుని, చివర్లో ‘అది అందరికీ తెలిసిందే’ అన్నారు.

ఆ మూడేళ్లలో మా ఇంటికి కలిగిన ఒక చిన్న లాభం చెప్పకుండా ఉండలేను. పంజాబు, హర్యానాల్లో వింధ్యకు దక్షిణాన పుట్టిన ప్రతివాడూ ‘మద్రాసీ’యే. నల్లగొండ ఎక్కడ, మద్రాసు ఎక్కడ అని ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. క్యాంటీను లైన్లోనూ మద్రాసీయే, పిల్లల బడిలోనూ మద్రాసీయే. లతీఫ్ గారు చీఫ్ అయ్యాక నాయన ఎవరైనా ఊరు అడిగితే నిదానంగా ‘హైదరాబాద్’ అని, అవతలివాడికి గుర్తుకు వచ్చేదాకా ఆగేవారు. ‘అచ్ఛా, చీఫ్ సాబ్ కే షహర్ సే!’ అన్న మాట వినపడగానే మొహం విచ్చుకునేది. కవాతుకు ముందు రాత్రి బూట్ల మొనలకు దూదితో నీళ్లు అద్ది పాలిష్ రుద్దుతున్నప్పుడు, ‘హైదరాబాదోడి బూట్లు ఎట్లుండాలె’ అని మాకు చెబుతూ రుద్దేవారు. ఆ తళుకులో మా ముఖాలు వంకరగా కనిపించేవి.

పదవీ విరమణ తరవాత లతీఫ్ గారు 1982 నుంచి 1985 దాకా మహారాష్ట్ర గవర్నరుగా, ఆ పైన 1988 దాకా ఫ్రాన్సులో మన రాయబారిగా పనిచేశారు. ఇందులో ఒక తమాషా ఉంది. ఆయన మామగారు నవాబ్ అలీ యావర్ జంగ్ కూడా ఫ్రాన్సులో రాయబారిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసినవారే. బొంబాయి బాంద్రాలోని వినికిడి లోపాల జాతీయ సంస్థకు ఉన్నది ఆయన పేరే. మామా అల్లుళ్లు ఒకే రాజ్‌భవన్‌లో ఉండటం మన దేశంలో తరచుగా జరిగే సంగతి కాదు. లతీఫ్ గారి భార్య బిల్కీస్ లతీఫ్ రచయిత్రి, పేదల బస్తీల్లో ఏళ్ల తరబడి పనిచేసినవారు. 2009లో పద్మశ్రీ అందుకున్నారు. రాజ్‌భవన్‌లో ఉన్న రోజుల్లో ఆమె ధారావి వెళ్లి పనిచేసేవారని చదివినప్పుడు మా అమ్మకు లతీఫ్ గారి కంటే ఆమె మీద గౌరవం పెరిగింది. నాయన చీఫ్ సాబ్ కథ ఎత్తినప్పుడల్లా ‘ఆమె సంగతి కూడా చెప్పు’ అని గుర్తు చేసేది.

1988లో దంపతులిద్దరూ హైదరాబాదు తిరిగి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా నాయన కూడా రిటైరై సికింద్రాబాదు వైపు చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఒకే నగరంలో అన్నేళ్లు ఉన్నారు కదా, ఒకసారి వెళ్లి కలవరాదా అని నేను చాలాసార్లు అడిగాను. ఏమని వెళ్లాలి, ఏ పని మీద వెళ్లాలి అని నాయన ప్రశ్న. పని లేకుండా అధికారి గడప తొక్కకూడదన్నది ఆయనకు సర్వీసు నేర్పిన పద్ధతి. ఇప్పుడు తలుచుకుంటే, నేనే బలవంతాన తీసుకువెళ్లాల్సింది అనిపిస్తుంది గానీ, వెళ్లినా అటెన్షన్‌లో నిలబడి ‘జై హింద్ సర్’ అని వెనక్కి తిరిగి ఉండేవారే తప్ప, మాట పెగిలి ఉండేది కాదు.

బిల్కీస్ గారు 2017 అక్టోబరులో పోయారు. 2018 జనవరిలో అస్ఘర్ ఖాన్ పాకిస్తాన్‌లో మరణించిన వార్త వచ్చింది. నూర్ ఖాన్ అంతకు ఆరేళ్ల ముందే పోయారు. నాయన ఆ చిన్న వార్తను పత్రికలో వేలితో చూపించి, ‘ముగ్గుట్ల మనోడు ఒక్కడే మిగిలిండు’ అన్నారు. ఏప్రిల్ 30న లతీఫ్ గారు కూడా తన తొంభై అయిదో ఏట హైదరాబాదులోనే కన్నుమూశారు. సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆ రోజు ఇంటికి ఫోన్లు వచ్చాయి. అంబాలా, హకీంపేట, బీదర్ రోజుల పాత స్నేహితులు, ఎక్కువమంది సార్జెంట్లు, కార్పొరల్‌లు, ఒకరిద్దరు వారెంట్ ఆఫీసర్లు. వాళ్లు మాట్లాడుకున్నది 1947 గురించీ కాదు, గవర్నరుగిరీ గురించీ కాదు. అంబాలాలో జాగ్వార్ దిగిన రోజున ఎవరు ఏ వరసలో నిలబడ్డారు, ఎవరి టోపీ గాలికి కొట్టుకుపోయింది, ఆ సాయంత్రం మెస్సులో ఏం వండారు అన్నవే. నాయన చెప్పే మెస్సు కూరకూ, అవతలివారు చెప్పే కూరకూ పొంతన కుదరక చాలాసేపు వాదించుకున్నారు.

తెలుగు నేల మీద పుట్టిన ఈ దళాధిపతి గురించి తెలుగులో విస్తారంగా రాసినవి నాకు పెద్దగా దొరకలేదు. దుండిగల్ అకాడమీలో ఏటా కుర్రవాళ్లు రెక్కల బిళ్ల తగిలించుకుని బయటికి వస్తున్నారు. అక్కడికి కూతవేటు దూరంలో చదువుకున్న మన పిల్లల్లో ఎందరికి ఆయన పేరు తెలుసో నాకు అనుమానమే. సైనిక్‌పురిలో, అల్వాల్‌లో, మల్కాజిగిరిలో ఆయన హయాంలో పనిచేసిన ఎయిర్‌మన్‌లు ఇంకా కొందరు ఉన్నారు, చాలామంది డెబ్బై దాటినవారే. మీ ఇళ్లలో అటువంటి పెద్దలు ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. కూర సంగతి కూడా అడగండి. మా ఇంట్లో ఆ వాదన ఇంకా తేలలేదు.